వచ్చేటప్పుడు ఆగుదాం

ఫిబ్రవరి 8

నా భార్య హిస్కె ఈ రోజు హార్లింగెన్‌లోని తన చెల్లెలు ఔక్యా ఇంటికి వెళ్లింది. కారణం: ముందుగదికి వాల్‌పేపర్ అంటించడంలో సహాయం. తీసుకువెళ్లిన వస్తువులు: సూట్‌కేసులు రెండు, కుట్టుమిషను ఒకటి, మరుగుదొడ్డి గోడకు వేలాడే పుట్టినరోజుల క్యాలెండర్ ఒకటి. వాల్‌పేపర్ పనిలో కుట్టుమిషను పాత్ర ఏమిటో వివరించబడలేదు. తిరిగివచ్చే తేదీ తెలియపరచబడలేదు.

క్యాలెండర్ తీసిన చోట మేకు అలాగే ఉంది.

ఫిబ్రవరి 9

వసంత ప్రయాణపు మజిలీల ముసాయిదా పూర్తి చేశాను. ఏప్రిల్ 24న స్నేక్ ఊళ్లోని మా ఇంటి నుంచి బయలుదేరి, జర్మనీ, ఆస్ట్రియాల మీదుగా ఇటలీ అంచు తాకి, మే 9న తిరిగి రావాలి. ప్రయాణికులు నలుగురు: నేను (వీబె), హిస్కె, మా అమ్మాయి నింకె, మా నాన్న దౌవె. కారు ఒకటి, దాని వెనక క్యారవాన్ ఒకటి. బంగాళాదుంపలు ఇరవై అయిదు కిలోలు. విదేశీ దుంపల మీద నాన్నకు విశ్వాసం లేదు.

సుందర ప్రదేశాలుగా పద్నాలుగింటిని ప్రతిపాదించాను. మార్కుల కేటాయింపు ఇలా ఉంది: క్యారవాన్ నిలిపే వీలుకు నలభై, నేల వాలుకు ఇరవై, మరుగుదొడ్డికి ఇరవై అయిదు, అందానికి పదిహేను. ఈ పద్ధతిలో నెగ్గిన పద్నాలుగింటిలో తొమ్మిది కాలువ లాకులు, రెండు ఆనకట్టలు, ఒకటి ఎత్తిపోతల కేంద్రం. మిగిలిన రెండింటి నుంచీ లాకులు కనబడతాయి. ఇరవయ్యారేళ్లుగా నీటి మండలిలో కరకట్టల పర్యవేక్షకుడిగా పనిచేస్తున్న నా అభిరుచి ఈ ఎంపికలో ఎక్కడా చొరబడకుండా జాగ్రత్త వహించాను.

ముసాయిదాను అభిప్రాయ సేకరణ నిమిత్తం వంటగదిలో ఫ్రిజ్ తలుపు మీద ప్రదర్శించాను. అభ్యంతరాలకు గడువు, మా మండలి ఆనవాయితీ ప్రకారం, ఆరు వారాలు. మార్చి 23 సాయంత్రం అయిదింటితో ముగుస్తుంది. ఇంట్లో ప్రస్తుతం నేను ఒక్కడినే ఉన్నాను.

ఫిబ్రవరి 13

హిస్కెకు ఫోన్ చేశాను.

"వాల్‌పేపర్ ఎంతవరకొచ్చింది?" అని అడిగాను.

"ఏ వాల్‌పేపర్?" అంది. ఆ తర్వాత, "ఆఁ, నడుస్తోంది" అంది.

ప్రయాణం విషయం ప్రస్తావించాను.

"నేను రావాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు వీబె."

"ఏప్రిల్ 24 కదా. బోలెడు టైముంది."

"నేను చెప్పేది తేదీ గురించి కాదు" అంది. "ఈసారైనా అక్కడ ఆగుతామా?"

"తప్పకుండా" అన్నాను.

"ఎక్కడో నీకు గుర్తుందా అసలు?"

"ముసాయిదాలో ఉంది."

"అయితే వస్తాను. అక్కడ ఆగితే వస్తాను. ఆగలేదనుకో, ఇక మనిద్దరం కలిసి ఎక్కడికీ పోనక్కర్లేదు. ఇంటికి కూడా."

సంభాషణ సంతృప్తికరంగా ముగిసింది. 'అక్కడ' అనగా ఎక్కడ అన్నది పరిశీలనలో ఉంది.

ఫిబ్రవరి 14

పరిశీలన కొనసాగుతోంది.

ఫిబ్రవరి 18

అటక మీది ప్రయాణ రిజిస్టర్లు దించాను. పందొమ్మిదేళ్లవి, పందొమ్మిది. దూరం, టైర్ల గాలి, వాతావరణం, లాకుల్లో నీటిమట్టాల తేడా, అన్నీ నిమిషాలతో సహా నమోదై ఉన్నాయి. చదువుతూంటే గర్వం కలిగింది.

హిస్కె ప్రస్తావన మొత్తం ముప్పై ఒక్క చోట్ల ఉంది. 'హి. నిద్ర' అని ఇరవై రెండు సార్లు. 'హి. కాఫీ పోసింది' అని ఆరు సార్లు. 'హి. ఏదో అంది' అని మూడు సార్లు. ఆ ఏదో ఏమిటన్నది ఎక్కడా లేదు. ఆ రోజుల్లో నమోదు ప్రమాణాలు ఆశించిన స్థాయిలో లేవని గుర్తించాను.

'వచ్చేటప్పుడు ఆగుదామన్నాను' అన్న వాక్యం నలభై ఒక్క చోట్ల కనబడింది. రద్దీని తప్పించే ఉద్దేశంతో ప్రతి ఏడూ మేము వేరే దారిన తిరిగివచ్చిన మాట కూడా రిజిస్టర్లలో స్పష్టంగా ఉంది. ఈ రెండు అంశాలనూ ఇంతకుముందు పక్కపక్కన పెట్టి చూసిన సందర్భం లేదు.

ఫిబ్రవరి 24

ఆదివారం. నాన్న బఠాణీల సూప్ తాగడానికి వచ్చాడు. సాక్షిగా విచారించాను.

"నాన్నా, ప్రయాణంలో హిస్కె ఎప్పుడైనా ఎక్కడైనా ఆగమందా?"

"ఎప్పుడూ అంటూనే ఉండేది కదరా."

"ఎక్కడ?"

"నన్నడిగితే? నేను వెనక సీట్లో దుంపల పక్కన కూర్చుంటాను. నాకు కనబడేది నీ మెడ." రెండు చెంచాల సూప్ తాగాడు. "మంచి మెడేలే. కాకపోతే జర్మనీ పొడుగునా అదే. ఆస్ట్రియాలోనూ అదే."

సాక్ష్యం నిరుపయోగం. వెళ్తూ వెళ్తూ, "కోడలు ఎప్పుడొస్తుందిరా?" అని అడిగాడు. వాల్‌పేపర్ సంగతి వివరించాను. నాన్న నా వంక చూసి, మిగిలిన సూప్ డబ్బాలో పోయించుకొని వెళ్లాడు.

మార్చి 3

ఔక్యా ముందుగది కొలతలు నాకు తెలుసు. ఎనిమిది కాగితపు చుట్టలు చాలు. ఇద్దరు మనుషులకు రెండు రోజుల పని. ఇప్పటికి ఇరవై మూడు రోజులైంది. పాత గోడలు. తేమ ఉండి ఉంటుంది.

మార్చి 10

మేకుకు వేరే ఏదైనా తగిలిద్దామా అనుకున్నాను. తగిలించలేదు.

మార్చి 22

గడువు రేపటితో ముగుస్తుంది. ముసాయిదా మీద ఒక్క అభ్యంతరమూ దాఖలు కాలేదు. ఇంత ఏకాభిప్రాయం మా మండలిలో కూడా అరుదు. ఈ శుభవార్త తెలపడానికి ఫోన్ చేయగా ఔక్యా ఎత్తింది.

"ఎక్కడ అంటించావు బావా?"

"ఫ్రిజ్ మీద."

"ఎవరి ఫ్రిజ్ మీద?"

"మా ఫ్రిజ్ మీదే."

"మా అక్క ఎక్కడుంది?"

ఆమె లేవనెత్తినది విధానపరమైన అంశం. సంబంధిత వ్యక్తికి ముసాయిదా అందుబాటులో లేకపోతే గడువు చెల్లదు. ఆ మాటే ఒప్పుకున్నాను.

"రేపు రా అయితే" అంది ఔక్యా. "రేపే. నాలుగింటికి. ఉత్తచేతుల్తో మాత్రం రాకు, మర్యాదగా ఉండదు."

రేపు అన్న మాటను ఆమె రెండుసార్లు నొక్కి చెప్పింది. పరిపాలనా విషయాల్లో మా మరదలికి ఇంత చురుకుదనం ఉందని నాకు తెలియదు.

మార్చి 23

ఉత్తచేతులతో రావద్దన్న సూచనను గౌరవించి, ముసాయిదా పూర్తి ప్రతిని, పద్నాలుగు పేజీలు, అనుబంధ పటాలతో సహా తీసుకువెళ్లాను. అయస్కాంతాలు కూడా.

ముందుగదిలో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. వాటిలో పదిహేనుమంది బంధువులు, ఇరుగుపొరుగువాళ్లు కాఫీ కప్పులు మోకాళ్ల మీద పెట్టుకొని కూర్చుని ఉన్నారు. పైన రంగు కాగితాల తోరణం ఉంది. ఈ రోజు ఔక్యా పుట్టినరోజు. క్యాలెండర్ ఎవరి ఇంట్లో ఉందో దృష్టిలో పెట్టుకుంటే ఇందులో నా తప్పు లేదు.

ఆచారం ప్రకారం వలయం చుట్టూ తిరిగి ఒక్కొక్కరికీ చెయ్యి కలిపాను. "మీ అమ్మాయి పుట్టినరోజు, అభినందనలు", "మీ పక్కింటావిడ పుట్టినరోజు, అభినందనలు." వాళ్లు నాకు, "మీ మరదలి పుట్టినరోజు, అభినందనలు." పదిహేనోది హిస్కె. ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చున్నాను.

"క్యాలెండర్ లేకుండానే గుర్తుపెట్టుకున్నావే" అంది మెల్లగా. ఆమె ముఖం మెత్తబడింది. అలాంటి ముఖం గురించి నా రిజిస్టర్లలో దేనిలోనూ లేదు.

ఆమె ప్రకటనను నేను ఖండించలేదు. ధ్రువీకరించనూ లేదు. మనిషికొకటి చొప్పున కేకు ముక్క వచ్చింది. ఆమె తన ముక్క మీది స్ట్రాబెరీ తీసి నా పళ్లెంలో పెట్టింది. ఎనిమిది నిమిషాలు అలా గడిచాయి.

"బావా, ఏం తెచ్చావో అందరికీ చూపించు మరి" అంది ఔక్యా. నేను కదలకపోయేసరికి ఆమే వచ్చి నా ఒళ్లోని కవరు తీసి విప్పింది.

"'సుందర మజిలీల ముసాయిదా. అభ్యంతరాలకు గడువు ఈ రోజు సాయంత్రం అయిదింటి వరకు'" అని పైకి చదివింది. "పుట్టినరోజుకి నాకు లాకులు తెచ్చావా బావా? తొమ్మిదా? ఒక్కదాన్ని అన్నెక్కడ పెట్టుకోను?"

అందరూ నవ్వారు. హిస్కె నవ్వలేదు. కాగితాలు అందుకొని వంటగదిలోకి వెళ్లింది. నేనూ వెళ్లాను. ఆమె నిలబడే పద్నాలుగు పేజీలూ చదివింది, పటాలతో సహా.

"ఇందులో అది లేదు."

"ఏది?" అన్నాను. ఆ మాట అనుమతి లేకుండా బయటికి వచ్చింది.

"అదీ సంగతి" అంది హిస్కె. కాగితాలు ఫ్రిజ్ మీద పెట్టి, నా అయస్కాంతాలతోనే నాలుగు మూలలా సరిచేసి అంటించింది. "నా అభ్యంతరం రాసుకో. నాలుగున్నరే కదా అయింది. గడువులోపలే ఉన్నాను."

ముందుగది గోడలకు నీలిపూల పాత కాగితమే కనబడింది. కొత్తదాన్ని అచ్చం పాతదానిలాంటిదే ఎంచుకున్నట్టున్నారు.

మార్చి 24

ఏమీ లేదు.

మార్చి 25

ఫ్రిజ్ తుడిచాను.

మార్చి 31

నింకె గ్రోనింగెన్ నుంచి వచ్చింది. అక్కడ రెండో ఏడు చదువుతోంది. ఇంటి ఫ్రిజ్ మీది ముసాయిదా చూసింది. అన్ని ప్రదేశాలకూ మార్కులు మార్చి, అందానికి ముప్పై కేటాయించిన రెండో ముసాయిదా పక్కనే ఉంది. దాన్నీ చూసింది.

"అమ్మ చెప్పిన చోటేదో నీకు తెలీదు కదూ, నాన్నా?"

"విచారణలో ఉంది."

"నన్ను విచారిస్తావా?"

"నీకు తెలుసా?"

"నాకప్పుడు ఏడేళ్లో ఎనిమిదేళ్లో. ఒళ్లో పుస్తకముంది. అమ్మ 'అబ్బ' అంది. నువ్వు వచ్చేటప్పుడు అన్నావు. అంతే గుర్తు." రొట్టె మీద చాక్లెట్ పలుకులు చల్లుకుంటూ, "అమ్మనే అడగొచ్చు కదా" అంది.

"తెలుసని చెప్పాను. ఇప్పుడు అడిగితే తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది."

"అవుతుంది."

"అది సరైన పద్ధతి కాదు."

"నాన్నా, అమ్మ వాల్‌పేపర్ అంటించడానికి వెళ్లలేదు."

గోడల తేమ గురించి కొంతసేపు వివరించాను. నింకె విన్నది. తర్వాత నా రొట్టె మీద కూడా చాక్లెట్ పలుకులు చల్లింది. నేను తిననని దానికి తెలుసు. తిన్నాను.

ఏప్రిల్ 2

హిస్కెకు ఉత్తరం. మొదటి చిత్తుప్రతి: మూడు పేజీలు, నేపథ్యంతో సహా.

ఏప్రిల్ 3

రెండో చిత్తుప్రతి: ఒకటిన్నర పేజీలు. నేపథ్యం తొలగించబడింది.

ఏప్రిల్ 4

తుది ప్రతి పూర్తి పాఠం: 'నాకు తెలియదు. ఎక్కడ?' పోస్టు చేశాను. ఇంత అసంపూర్ణమైన పత్రం మీద నేను సంతకం చేయడం ఇదే ప్రథమం.

ఏప్రిల్ 8

ఉదయం పదిన్నరకు తలుపు గంట మోగింది. హిస్కె. ఆమె దగ్గర తాళంచెవి ఉంది. అయినా గంటే కొట్టింది.

కాఫీ ఇచ్చాను. బిస్కెట్ల డబ్బా తెరిచి, మూత పెట్టకుండా అలాగే ఉంచాను. మనిషికొక్క బిస్కెట్ ఇచ్చి మూత వేసేసే మా ఇళ్లల్లో అది చిన్న విషయం కాదు. ఆమె గమనించింది.

"ఆస్ట్రియాలో" అంది. "కనుమ దిగాక. రోడ్డు పక్కన ఒక పసుప్పచ్చ ఇల్లు. ఇంటి ముందు బల్ల. బల్ల మీదికి వంగి చెర్రీ చెట్టు. చెట్టంతా పూతే, ఒక్క ఆకు లేదు. బల్ల దగ్గర ఎవరో కూర్చుని ఏమీ చెయ్యట్లేదు. ఊరికే కూర్చున్నారు. పది నిమిషాలు ఆగుదామన్నాను."

"ఊరు పేరేమిటి?"

"నాకేం తెలుసు పేరు? ఆగితే కదా తెలిసేది."

నేను ఆమె కప్పులో ఇంకాస్త కాఫీ పోశాను.

"ఆ ఇల్లే అని కాదు వీబె. పందొమ్మిదేళ్లలో నేను ఆగమన్న చోట ఒక్కసారి ఆగలేదు. ఆ తొమ్మిది లాకుల్లో ఏది ఏదో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. చక్రాలు, గేట్లు, అన్నీ. నాకో పది నిమిషాలు లేవు ఆ కారులో."

"ఏ సంవత్సరం?"

"తెలీదు. నువ్వు అప్పుడు ఆనకట్ట ఎత్తు చెబుతున్నావు. మధ్యలో ఆపి 'వచ్చేటప్పుడు' అన్నావు. మళ్లీ ఎత్తు చెప్పావు. అప్పుడే వెనకాల మీ నాన్న పెద్దగా అరిచాడు."

నేను లేచి రిజిస్టర్లు తెచ్చాను. నాన్న అరవడం పందొమ్మిదేళ్లలో ఒక్కసారే జరిగింది. పన్నెండేళ్ల కిందటి రిజిస్టరు, నలభై మూడో పేజీ: 'మ. 2.20. హి. ఏదో అంది. వచ్చేటప్పుడు ఆగుదామన్నాను. దుంపల బస్తా ఒరిగి నాన్న పాదం మీద పడింది. ఆనకట్ట దాటి ఇరవై మూడు కిలోమీటర్లు.'

హిస్కె ఆ పంక్తి మీద వేలు పెట్టి చదివింది. రెండోసారి చదివింది.

"బస్తా ఒరిగిన నిమిషం రాశావు" అంది.

"అవును."

"నేనేమన్నానో రాయలేదు."

"లేదు."

ఆమె చేతిసంచి నుంచి కలం తీసింది. 'ఏదో' అన్న మాట కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో తను ఆ రోజు అన్నది రాసింది. రిజిస్టరులో పాత నమోదులను దిద్దడం తీవ్రమైన ఉల్లంఘన. నేను ఇంకు ఆరేవరకు పేజీ పట్టుకున్నాను.

తర్వాత ఆమె హార్లింగెన్ వెళ్లిపోయింది. వాల్‌పేపర్ గురించి నేను అడగలేదు. ఆమె తలుపు దగ్గర ఆగి, "24న ఎన్నింటికి?" అంది.

ఏప్రిల్ 12

ఫ్రిజ్ మీది రెండు ముసాయిదాలనూ ఉపసంహరించుకున్నాను.

ఏప్రిల్ 24

ఉ. 6.00. హిస్కె ఒకే సూట్‌కేసుతో వచ్చింది. రెండోది అక్కడే ఉంది. నాన్న ఈసారి బస్తాను తాడుతో సీటుకు కట్టాడు. "పన్నెండేళ్లకి బుద్ధొచ్చింది" అన్నాడు. ఎవరికి అన్నది చెప్పలేదు.

ఏప్రిల్ 25

జర్మనీలో మైన్ నది మీద ఒక లాకు దాటాం. నేను ఏమీ చెప్పలేదు. నింకె వెనక నుంచి నా భుజం తట్టింది.

ఏప్రిల్ 26

మ. 1.50. ఆనకట్ట దాటాం. కిలోమీటర్ల లెక్క సున్నాకు తెచ్చాను. దాని ఎత్తు చెప్పలేదు. ఇరవయ్యో కిలోమీటరు నుంచి వేగం తగ్గించాను. ఇరవై మూడో కిలోమీటరు దగ్గర ఇల్లు ఉంది.

ఇప్పుడది బూడిద రంగులో ఉంది. చెర్రీ చెట్టు లేదు. మొద్దు ఉంది. దాని పక్కన పిల్లలు గెంతే ట్రాంపొలిన్, దాని మీద వాననీళ్లు. బల్ల ఉంది, ఒక కాలు కింద ఇటుకతో.

"కాదేమో" అన్నాను. ముందుకు పోదామని చేతిలో గేరు పట్టుకొనే ఉన్నాను.

"ఇదే" అంది హిస్కె. "ఆపు."

ఆపాను. స్థలానికి నా పద్ధతి ప్రకారం మార్కులు: వాలు ఎక్కువ, మరుగుదొడ్డి లేదు, క్యారవాన్ వెనక భాగం రోడ్డు మీదికి వచ్చింది. మొత్తం వందకు ఆరు. మడత కుర్చీలు నాలుగు రోడ్డు పక్క గడ్డిలో వేశాం. నాన్న తన కుర్చీని కొండల వైపు నుంచి తిప్పి, పోయే కార్ల వైపు పెట్టుకున్నాడు. "ఇన్నేళ్లకి ఒక మంచి చోటు చూపించావురా" అన్నాడు. "నీ మెడ తప్ప అన్నీ కనబడుతున్నాయి."

ఇంటి నుంచి ఒక ఆవిడ వచ్చింది, ఎప్రన్‌కు చేతులు తుడుచుకుంటూ.

"బండి చెడిపోయిందా అండీ?"

"లేదండీ" అంది హిస్కె. "ఊరికే ఆగాం. ఇక్కడొక చెర్రీ చెట్టుండేది కదూ?"

"ఉండేది. ఎప్పటి మాట! పన్నెండేళ్లయింది. ఆ వేసవిలోనే గాలివానకి పడిపోయింది. ఆ ఏడంతా మేం దాని కట్టెలే కాల్చుకున్నాం."

హిస్కె మొద్దు వంక చూసింది. తర్వాత నా వంక. ఆమె భుజాలు కదలసాగాయి. ఏడుస్తోందనుకొని నేను రుమాలు తీశాను. ఆమె నవ్వుతోంది.

"పన్నెండేళ్లు" అంది ఊపిరి అందక. "పన్నెండేళ్లు కట్టెల గురించి నీ మీద కోపంగా ఉన్నాను వీబె."

"ఆ ఏడు మాత్రం చెట్టు ఉంది" అన్నాను. "ఆ ఏడు ఆగి ఉండాల్సింది. తప్పు నాది."

నవ్వు ఆగింది. ఆమె నా చేతిలోని రుమాలు తీసుకొని, కళ్లు కాక, తన కుర్చీ మీది మట్టి తుడిచింది. తర్వాత కుర్చీని నా పక్కకు జరుపుకుంది.

నాన్న ఆ ఇంటావిడకు అయిదు దుంపలు కానుకగా ఇచ్చాడు. "తీసుకోమ్మా, ఇక్కడ మీకు మంచివి దొరకవు కదా." ఆవిడ వెనక కొండవాలు మీద రెండెకరాలు దున్ని ఉన్నాయి, దుంపల కోసమే. ఆవిడ మర్యాదస్తురాలు. తీసుకుంది.

మేము ఏమీ చెయ్యకుండా ఊరికే కూర్చున్నాం. ఎంతసేపు అన్నది రిజిస్టరులో లేదు. గడియారం కారులో ఉండిపోయింది.

బయలుదేరాక హిస్కె, "ఇందాకటి ఆనకట్ట ఎత్తెంత?" అని అడిగింది.

"అవసరం లేదు" అన్నాను.

"అడిగాను కదా. చెప్పు."

చెప్పాను. వెనక నుంచి నింకె మూలిగింది.

మే 9

రా. 8.00. ఇల్లు చేరాం. దారిలో హార్లింగెన్‌లో ఆగి, రెండో సూట్‌కేసు, కుట్టుమిషను ఎక్కించుకున్నాం. "వాల్‌పేపర్ పని అయిపోయింది బావా" అంది ఔక్యా, నీలిపూల గోడకు ఆనుకొని. చాలా బాగా కుదిరిందని చెప్పాను.

మే 10

పుట్టినరోజుల క్యాలెండర్ మేకు మీదికి తిరిగివచ్చింది. ఉదయం పరిశీలించాను. అందులో పుట్టినరోజులు తప్ప వేరే ఏవీ రాయరాదు. అది ఒక్క ఏడాదికే చెల్లేది కాదు, ఏటేటా తిరిగి తిరిగి వచ్చేది. ఏప్రిల్ పేజీలో 26 ఎదుట, ఎవరి పేరూ లేని గడిలో, హిస్కె చేతిరాతతో 'ఆగాడు' అని ఉంది.

ఇది నిబంధనలకు స్పష్టంగా విరుద్ధం. అభ్యంతరాలకు గడువు ఆరు వారాలు. నాకు అభ్యంతరం లేదు.